ఒక విలువకు ఎన్ని మీటలు?

కంప్యూటర్ మీద పాట వింటున్నారు. శబ్దం ఎక్కువైంది. తగ్గించడానికి మీకు ఎన్ని దారులున్నాయో ఎప్పుడైనా లెక్కపెట్టారా? కీబోర్డు మీద ఒక కీ ఉంటుంది. తెర కింది అంచున స్పీకరు బొమ్మను నొక్కితే ఒక జారుడు మీట బయటికి వస్తుంది. సెట్టింగుల విండో తెరిస్తే అక్కడ మరొక జారుడు మీట, దాని పక్కన 62 అని ఒక అంకె. మీరు కీబోర్డు మీది కీని నొక్కగానే తెర మీది మీట తనంతట తానే ఎడమకు జరుగుతుంది, అంకె 60 అవుతుంది. దాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అయినా జరిగింది.

ఇంత మామూలు సంగతికి ఒక వ్యాసమా అని మీరు అనుకోవచ్చు. కానీ ఈ 'తనంతట తానే' అన్న మాట వెనుక అరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. అందులో ఓడల కార్ఖానాలకు ప్రోగ్రాములు రాసిన నార్వే దేశస్థుడు ఒకరున్నారు. తెర ఒకటి చెబితే యంత్రం మరొకటి చేయడం వల్ల ప్రాణాలు పోగొట్టుకున్న రోగులూ ఉన్నారు.

చరిత్రలోకి వెళ్లే ముందు ఒక చిన్న లెక్క చేద్దాం. కాగితం, పెన్సిలు తీసుకోండి.

71 ఎందుకు 72 అయింది?

మన ఇళ్లలో వేడిమికి రెండు కొలతలున్నాయి. జ్వరం వస్తే 'నూటొకటి ఉంది' అంటాం. అది ఫారన్‌హీట్. రోహిణి కార్తెలో 'నలభై నాలుగు దాటింది' అంటాం. అది సెల్సియస్. ఈ రెండింటినీ కలిపే ప్రోగ్రాం ఒకటి రాయాలనుకోండి. తెర మీద రెండు గడులు ఉంటాయి. ఒక దానిలో ఫారన్‌హీట్ అంకె వేస్తే రెండో దానిలో సెల్సియస్ కనిపించాలి. రెండో దానిలో వేస్తే మొదటిది మారాలి. దశాంశాలు వద్దు, పూర్ణాంకాలు చాలు.

వెంటనే తోచే పద్ధతి ఇది: ఫారన్‌హీట్ గడి మారినప్పుడల్లా సెల్సియస్ గడిని దిద్దు, సెల్సియస్ గడి మారినప్పుడల్లా ఫారన్‌హీట్ గడిని దిద్దు. రెండు వాక్యాలూ నిర్దోషంగానే కనిపిస్తాయి. ఇప్పుడు ఫారన్‌హీట్ గడిలో 71 వేయండి. 71 లోంచి 32 తీసేస్తే 39. దాన్ని 5తో గుణించి 9తో భాగిస్తే 21.67. దగ్గరి పూర్ణాంకం 22. కనుక సెల్సియస్ గడి 22 అయింది. 'నేను మారాను' అంటూ అది ఫారన్‌హీట్ గడిని లేపుతుంది. 22 డిగ్రీల సెల్సియస్ అంటే 71.6, అంటే 72. మీరు 71 వేశారు, మీ కళ్ల ముందే అది 72 అయింది!

దగ్గరి పూర్ణాంకం కాకుండా దశాంశాన్ని కొట్టివేసే పద్ధతి పెట్టారనుకోండి. 71 నుంచి 21, 21 నుంచి 69, 69 నుంచి 20, 20 నుంచి 68. అక్కడికి ఆగుతుంది. ఎందుకంటే 68 ఫారన్‌హీట్ అంటే కచ్చితంగా 20 సెల్సియస్. దశాంశం వస్తే పై అంకెకు పెంచే పద్ధతైతే అంకె మెట్లెక్కుతూ పోయి 77 దగ్గర, అంటే సరిగ్గా 25 సెల్సియస్ దగ్గర ఆగుతుంది. మీరు వేసిన అంకె ఒకటే, తెర మీద మిగిలేది మాత్రం 72 కావచ్చు, 68 కావచ్చు, 77 కూడా కావచ్చు. లెక్కల్లో ఎక్కడా తప్పు లేదు. తప్పంతా గడులు ఒకదానికొకటి కబురు చెప్పుకునే తీరులో ఉంది.

అసలు ప్రశ్న ఇది. వేడిమి ఒక్కటే. దానికి తెర మీద రెండు ముఖాలున్నాయి. ఆ ఒక్క విలువ ఎక్కడ నివసిస్తుంది? మొదటి గడిలోనా, రెండో గడిలోనా, రెంటిలోనూనా, లేక రెంటికీ వెలుపలా?

గీసిన గీతలకు నిబంధనలు

ఈ ప్రశ్నను మొదట ఎదుర్కొన్నవారిలో ఇవాన్ సదర్లాండ్ ఒకరు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో 1963లో సమర్పించిన పీహెచ్.డి. సిద్ధాంత గ్రంథం కోసం ఆయన 'స్కెచ్‌ప్యాడ్' అనే ప్రోగ్రాం తయారుచేశారు. ఎం.ఐ.టి.కి చెందిన లింకన్ ప్రయోగశాలలోని టి.ఎక్స్-2 అనే భారీ కంప్యూటర్ మీద అది పనిచేసేది. కంప్యూటర్ అంటే రంధ్రాలు పొడిచిన కార్డులు, అచ్చయి వచ్చే కాగితాలు అనుకునే రోజుల్లో, సదర్లాండ్ లైట్ పెన్ పట్టుకుని నేరుగా తెర మీద గీతలు గీశారు.

అయితే గీతలు గీయడం కాదు అసలు విశేషం. ఈ రెండు గీతలు సమాంతరంగా ఉండాలి, ఆ రెండు గీతల పొడవు సమానంగా ఉండాలి అని నిబంధనలు పెట్టవచ్చు. ఆ తర్వాత ఒక గీతను కదిలిస్తే, నిబంధన తప్పకుండా మిగతావి సర్దుకునేవి. మరొక సదుపాయం కూడా ఉంది. ఒక షట్కోణాన్ని మూలరూపంగా గీసి, దాని ప్రతులతో తేనెపట్టులాంటి అల్లిక తయారుచేయవచ్చు. మూలరూపాన్ని అర్ధవృత్తంగా మారిస్తే అల్లికంతా చేప పొలుసుల్లా మారిపోయేది. ప్రతుల్లో ఆకారం దాచి ఉండదు. అవి మూలాన్ని చూసి తెర మీద కనిపించేవి, అంతే. నా ఉద్దేశంలో స్కెచ్‌ప్యాడ్ మనకిచ్చిన పెద్ద కానుక లైట్ పెన్ కాదు, ఇదే.

సదర్లాండ్ బాటలోనే అలాన్ బోర్నింగ్ 1979లో స్టాన్‌ఫోర్డ్ విశ్వవిద్యాలయంలో 'థింగ్‌ల్యాబ్' అనే ప్రోగ్రామును తన సిద్ధాంత గ్రంథంగా సమర్పించారు. అందులో ఆయన తీసుకున్న ఉదాహరణల్లో ఒకటి ఏమిటో తెలుసా? మనం పైన చేసిన సెల్సియస్, ఫారన్‌హీట్ లెక్కే! ఏ వైపు మార్చినా రెండో వైపు సరిపోవాలన్న సంబంధాన్ని ఒక్కసారి రాస్తే చాలు. ఎప్పుడు ఏ దిక్కున లెక్క చేయాలో కంప్యూటరే నిర్ణయించుకునేది.

ఓడల నుంచి వచ్చిన ఆలోచన

దాదాపు అదే కాలంలో, కాలిఫోర్నియాలోని పాలో ఆల్టోలో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రానికి నార్వే నుంచి ఒక అతిథి వచ్చారు. పేరు ట్రిగ్వే రీన్‌స్కౌగ్. 1960లలో ఓడల రూపకల్పనకు 'ఆటోకాన్' అనే ప్రోగ్రామును రూపొందించిన అనుభవం ఆయనది. ఓడ కట్టడమంటే వేలాది పనులు. ఏ పలక ఎప్పుడు కోయాలి, ఎవరు అతకాలి, ఏది ఆలస్యమైతే ఏది ఆగుతుంది? ఒకే సమాచారాన్ని ఒకరు పట్టికగా చూడాలంటారు, ఇంకొకరు కాలక్రమం చూపే గీతల బొమ్మగా చూడాలంటారు. ఒకరు పట్టికలో తేదీ మారిస్తే రెండోవారి బొమ్మ కూడా మారాలి.

జిరాక్స్ కేంద్రంలో అప్పటికే విండోలు, మౌస్, స్మాల్‌టాక్ అనే ప్రోగ్రామింగ్ భాష ఉన్నాయి. 1978-79లో అక్కడ గడిపిన ఏడాదిలో రీన్‌స్కౌగ్ ఈ చిక్కుకు ఒక పరిష్కారం రాశారు. 1979 మే నెలలో రాసిన మొదటి పత్రంలో పేర్లు వేరుగా ఉన్నాయి. ఎడిల్ గోల్డ్‌బర్గ్ తదితరులతో సుదీర్ఘంగా చర్చించాక, డిసెంబరు నాటికి మూడు పేర్లు స్థిరపడ్డాయి: మోడల్, వ్యూ, కంట్రోలర్. మోడల్ అంటే అసలు విలువలు నివసించే ఇల్లు. వ్యూ అంటే వాటిని చూపే కిటికీ. కంట్రోలర్ అంటే మీ మౌస్ కదలికను, కీబోర్డు దెబ్బను అందుకుని తగిన చోటికి చేర్చే మనిషి లాంటిది.

ఇందులో కీలకం ఏమిటంటే, మోడల్‌కు తనను ఎవరు చూస్తున్నారో, ఎలా చూస్తున్నారో తెలియనక్కరలేదు. స్మాల్‌టాక్‌లో మోడల్ మీద ఆధారపడిన వ్యూలన్నింటికీ ఒక జాబితా ఉండేది. విలువ మారగానే 'మార్పు జరిగింది' అన్న కబురు జాబితాలోని అందరికీ వెళ్లేది. వ్యూలు ఒక్కొక్కటే వచ్చి కొత్త విలువ అడిగి తెలుసుకునేవి. మీ బడిలో ప్రధానోపాధ్యాయులు నోటీసు బోర్డు మీద పరీక్ష తేదీ మార్చి గంట కొట్టించారనుకోండి. తేదీ ఏమిటో గంట చెప్పదు. బోర్డు దగ్గరికి వచ్చి చూసుకోమని చెబుతుంది. ఏ తరగతివారూ పక్క తరగతివారిని అడగరు, అందరూ బోర్డునే అడుగుతారు.

మన రెండు గడులకు ఈ పద్ధతి పెడితే? వేడిమి గడులకు వెలుపల ఒకే చోట ఉంటుంది. మీరు 71 వేస్తే ఆ చోట 71 చేరుతుంది. సెల్సియస్ గడి వచ్చి అడిగి, లెక్కవేసి, 22 చూపిస్తుంది. అది కేవలం చూపడమే. ఆ 22 తిరిగి ఎవరి ఇంట్లోకీ వెళ్లదు. 71 అలాగే నిలుస్తుంది.

బజారుకు వచ్చేసరికి

పరిశోధన కేంద్రంలో పుట్టిన ఆలోచన ఇంటింటి కంప్యూటర్లోకి అదే రూపంలో రాలేదు. 1984లో వచ్చిన మెకింటోష్‌లో, 1985లో వచ్చిన విండోస్‌లో, ప్రతి స్క్రోల్ బార్ తన విలువను తన దగ్గరే దాచుకునేది. పత్రం ఎక్కడున్నదో ప్రోగ్రాము దగ్గర వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపి ఉంచే బాధ్యత ప్రోగ్రామర్ మీదే పడింది. విండోస్‌లో స్క్రోల్ బార్ మీది పెట్టెను మౌస్‌తో కిందికి లాగి వదిలాక, 'ఇక్కడ ఉండు' అని ప్రోగ్రాం విడిగా చెప్పకపోతే ఆ పెట్టె రబ్బరు కట్టినట్టు మళ్లీ పాత చోటికే ఎగిరిపోయేది. కొత్తగా నేర్చుకునేవారిని బాగా ఏడిపించిన సంగతి ఇది.

1991లో మైక్రోసాఫ్ట్ విజువల్ బేసిక్ విడుదల చేసింది. మౌస్‌తో గడులు, మీటలు తెర మీద పరచి, ఒక్కొక్కదాని వెనుక నాలుగు వరుసల ప్రోగ్రాం రాసుకోవచ్చు. 1990లలో మన దేశంలో ఊరూరా వెలిసిన కంప్యూటర్ శిక్షణ కేంద్రాల్లో, హైదరాబాదు అమీర్‌పేట వంటి చోట్ల, ఎంతోమంది తెలుగు విద్యార్థులకు తెర మీది ప్రోగ్రాముతో తొలి పరిచయం దీని ద్వారానే అయింది. మన 71 లెక్కలోని చిక్కు సరిగ్గా ఇక్కడ ఎదురయ్యేది. ఒక గడి మారినప్పుడు రెండోది మార్చు, రెండోది మారినప్పుడు మొదటిది మార్చు! ఒక ఈవెంట్ మరో ఈవెంట్‌ను లేపి, అది మళ్లీ మొదటిదాన్ని లేపే ఈ గొలుసు గురించి విజువల్ బేసిక్ సహాయ పత్రాల్లోనే హెచ్చరిక ఉండేది. గొలుసు తెగకపోతే కంప్యూటర్ 28వ నంబరు దోషం చూపి ఆగిపోయేది. తిరిగి ఎక్కడికి రావాలో గుర్తు పెట్టుకునే జ్ఞాపకస్థలం నిండిపోయిందని దాని అర్థం.

దీనికి ప్రోగ్రామర్లు నాటు వైద్యం ఒకటి కనిపెట్టుకున్నారు. 'ఇప్పుడు నేనే మారుస్తున్నాను, ఎవరూ పట్టించుకోవద్దు' అని ఒక జెండా ఎత్తి, పని అయ్యాక దించుతారు. రెండు గడులున్నప్పుడు ఇది బాగానే పనిచేస్తుంది. ఇరవై గడులుంటే ఏ జెండా ఎవరు ఎత్తారో, దించడం ఎవరు మరిచారో తెలియక ప్రోగ్రాం అడవిలా తయారవుతుంది.

ఇంతకంటే చక్కని పరిష్కారం 1995లో బయటికి వచ్చిన 'క్యూటి' అనే ప్రోగ్రామింగ్ సామగ్రిలో కనిపిస్తుంది. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరూ నార్వేవారే. ఓడల దేశానికీ ఈ సమస్యకూ ఏదో ఋణానుబంధం ఉన్నట్టుంది! వారి నియమం చిన్నది: కొత్తగా వచ్చిన విలువ పాత విలువతో సమానమైతే ఎవరికీ కబురు పంపకు. రెండు మీటలను ఎదురెదురుగా కట్టినా, రెండో చుట్టులో విలువ మారదు కనుక గొలుసు అక్కడే తెగుతుంది. అక్షరాలు వేసే గడికి రెండు రకాల కబుర్లు కూడా ఏర్పరచారు. విలువ ఏ కారణం వల్ల మారినా వెళ్లే కబురు ఒకటి, మనిషి స్వయంగా మార్చినప్పుడు మాత్రమే వెళ్లే కబురు మరొకటి.

ఎనిమిది సెకన్లు

ఇంతవరకూ చెప్పినదంతా ప్రోగ్రామర్ల తలనొప్పిలా కనిపించి ఉండవచ్చు. ఇక 1986 నాటి ఒక దుర్ఘటన చెబుతాను. అక్కడ తెర మీద విండోలు లేవు, మౌస్ లేదు. అక్షరాలు మాత్రమే చూపే మామూలు తెర. కానీ జబ్బు ఇదే.

థెరాక్-25 అనేది కెనడా ప్రభుత్వ సంస్థ ఎ.ఇ.సి.ఎల్. తయారుచేసిన కాన్సర్ చికిత్సా యంత్రం. అమెరికా, కెనడాలలో మొత్తం 11 ఉండేవి. అది రెండు రకాలుగా పనిచేసేది. మొదటిది ఎలక్ట్రాన్ చికిత్స: బలహీనమైన ఎలక్ట్రాన్ పుంజాన్ని అయస్కాంతాలతో విశాలంగా పరచి రోగి మీదికి పంపుతారు. రెండోది ఎక్స్-రే చికిత్స: దానికంటే సుమారు వంద రెట్లు బలమైన పుంజాన్ని ఒక లోహపు ఫలకానికి కొట్టించి ఎక్స్-కిరణాలు పుట్టిస్తారు. ఏ చికిత్సకు ఆ పరికరం పుంజానికి అడ్డంగా వచ్చేలా ఒక తిరుగుడు బల్ల ఉండేది. బల్ల ఎలక్ట్రాన్ స్థానంలో ఉండి, పుంజం ఎక్స్-రే బలంతో ఉంటే ఏమవుతుందో మీరే ఊహించండి.

1986 మార్చి 21న టెక్సాస్‌లోని టైలర్ పట్టణంలో ఒక రోగికి ఎలక్ట్రాన్ చికిత్స ఇవ్వాలి. ఆపరేటర్ అలవాటు కొద్దీ ఎక్స్-రే అక్షరం కొట్టింది. రోజూ ఎక్కువగా చేసేది అదే కదా. వెంటనే చూసుకుని, బాణపు కీతో పైకి వెళ్లి, ఎలక్ట్రాన్ అక్షరంగా దిద్దింది. మిగతా వరుసలు సరిగానే ఉన్నాయి కనుక రిటర్న్ కీ గబగబా నొక్కుకుంటూ కిందికి వచ్చింది. అన్నీ సరిపోయాయని తెర చెప్పింది. పుంజం వదలమంది. యంత్రం 'మాల్‌ఫంక్షన్ 54' అని చూపి ఆగింది. ఆ అంకెకు అర్థమేమిటో ఆమె చేతిలోని పత్రాల్లో వివరంగా లేదు. చిన్నపాటి ఆటంకాలు ఆ యంత్రంతో మామూలే. కొనసాగించమని మరో కీ నొక్కింది. రోగి ఉన్న గదిలోని కెమెరా, మాట వినిపించే పరికరం ఆ రోజు పనిచేయడం లేదు. రోగికి అందాల్సిన మోతాదు 180 రాడ్లు. అందినది 16,500 నుంచి 25,000 రాడ్ల మధ్య ఉంటుందని తర్వాత అంచనా వేశారు. అయిదు నెలల తర్వాత ఆయన మరణించారు. ఏప్రిల్ 11న అదే యంత్రం మరో రోగిని బలి తీసుకుంది. ఆయన మూడు వారాలు కూడా బతకలేదు.

లోపల జరిగింది ఇదీ. ఆపరేటర్ కొట్టిన అక్షరాన్ని ప్రోగ్రాంలోని రెండు భాగాలు చదువుకునేవి. ఒక భాగం పుంజం బలాన్ని, అయస్కాంతాలను సిద్ధం చేసేది. దానికి సుమారు ఎనిమిది సెకన్లు పట్టేది. రెండో భాగం తిరుగుడు బల్లను తిప్పేది. ఆ ఎనిమిది సెకన్లలో తెర మీద ఏమైనా దిద్దుబాటు జరిగిందా అని చూడడానికి ఒక గుర్తు పెట్టారు. అయితే మొదటి అయస్కాంతం పని కాగానే ఆ గుర్తు చెరిగిపోయేది, ఆ తర్వాత దిద్దుబాటును ఎవరూ గమనించేవారు కారు. తెర ఎలక్ట్రాన్ అంది. బల్ల కూడా ఎలక్ట్రాన్ స్థానానికి తిరిగింది. పుంజం మాత్రం ఎక్స్-రే బలంతోనే ఉండిపోయింది.

ఆసుపత్రిలోని భౌతిక శాస్త్రజ్ఞుడు, ఆపరేటర్ కలిసి ఎన్నోసార్లు ప్రయత్నించి దీన్ని తిరిగి పుట్టించగలిగారు. రహస్యం వేగంలో ఉంది. నిదానంగా దిద్దితే ఏమీ కాదు. పనిలో చేయి తిరిగి, ఎనిమిది సెకన్లలో దిద్దగలిగినవారికే ఆ ప్రమాదం ఎదురయ్యేది!

1985 జూన్ నుంచి 1987 జనవరి వరకు ఇటువంటి ప్రమాదాలు ఆరు జరిగాయి. అన్నింటికీ ఈ ఒక్క లోపమే కారణం కాదు. 1993లో నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ ప్రచురించిన పరిశోధన వ్యాసం ఈ సంగతే గట్టిగా చెప్పింది. ఒక్క దోషాన్ని పట్టుకుని దిద్దితే చాలదు. పాత థెరాక్-20లోనూ ఇదే దోషం ఉంది. కానీ అందులో కంప్యూటర్‌తో సంబంధం లేని విద్యుత్ రక్షణలు ఉండడంతో ఫ్యూజులు పోయేవి, మనుషులు బతికేవారు. కొత్త యంత్రంలో ఆ రక్షణలను తీసేసి భారమంతా ప్రోగ్రాం మీద వేశారు.

తర్వాతి కథ, మీ వంతు పని

1994 చివర నలుగురు రచయితలు ప్రచురించిన 'డిజైన్ ప్యాటర్న్స్' పుస్తకం స్మాల్‌టాక్ నాటి కబురు పద్ధతికి 'అబ్జర్వర్' అని పేరుపెట్టి అన్ని భాషల ప్రోగ్రామర్లకూ అందించింది. బోర్నింగ్ నడిచిన నిబంధనల బాట కూడా ఆగిపోలేదు. ఆయన, సహచరులు 1990ల చివర రూపొందించిన 'కాసోవరీ' అనే పద్ధతిని 2011 నుంచి ఆపిల్ కంప్యూటర్లలో విండోలోని మీటల స్థానాలు నిర్ణయించడానికి వాడుతున్నారు. 2014లో ఫేస్‌బుక్ ఇంజనీర్లు తమ చిక్కును బహిరంగంగా చెప్పుకున్నారు. కొత్త సందేశం ఉందని పైన అంకె కనిపిస్తుంది, తెరిచి చూస్తే ఏమీ ఉండదు. దిద్దిన కొద్దీ దోషం తిరిగి వచ్చేది. చివరికి సమాచారమంతా ఒకే దిక్కున ప్రవహించేలా ప్రోగ్రామును మార్చుకున్నారు.

మీ బడిలోనో కళాశాలలోనో కంప్యూటర్ ఉంటే, మీకు తెలిసిన ఏ భాషలోనైనా మన రెండు గడుల ప్రోగ్రామును రాసి చూడండి. మొదట తోచిన పద్ధతిలో రాసి 71 వేయండి. తర్వాత వేడిమిని గడులకు వెలుపల ఒకేచోట పెట్టి మళ్లీ రాయండి. అప్పుడు మీకు కొత్త ప్రశ్నలు ఎదురవుతాయి. 71 వేయబోయి ఇంకా 7 మాత్రమే వేసినప్పుడు రెండో గడి ఏం చూపాలి? మైనస్ గుర్తు ఒక్కటే వేసి ఆగితే? అంకెను పూర్తిగా చెరిపేస్తే రెండో గడిలో సున్నా రావాలా, అదీ ఖాళీ కావాలా? సున్నా అనడానికి ముందు ఒకసారి ఆలోచించండి. నీళ్లు గడ్డకట్టే వేడిమి ఒకటి, ఎవరూ ఏమీ చెప్పకపోవడం మరొకటి.